గీసిన గీతకు పేరుందా?

ఇంజినీరింగ్ మూడో ఏడు మాకు కంప్యూటర్ గ్రాఫిక్స్ ల్యాబు ఉండేది. సీ భాషలో ప్రోగ్రాంలు రాసే పాత సాఫ్ట్‌వేర్ టర్బో సీ, దాని నీలం రంగు తెర. పైన గ్రాఫిక్స్ డాట్ హెచ్, కింద 'ఇంట్ జీడీ ఈక్వల్స్ డిటెక్ట్, జీఎం', ఆ కింద ఇనిట్‌గ్రాఫ్. ఈ మూడూ ఎందుకో ఎవరికీ తెలియదు, ఎక్కాల్లా అప్పజెప్పేవాళ్లం. బీజీఐ ఫోల్డరు దారిలో ఒక్క స్లాష్ తక్కువైతే గ్రాఫిక్స్ ఇనిషియలైజ్ కాలేదని ఎర్రర్. అన్నీ కుదిరితే నల్లటి తెర మీద గీత పడేది. చివర్లో గెట్‌చ్ పెట్టడం మర్చిపోతే, ఆ గీత కంటికి ఆనేలోపే మాయమై మళ్లీ నీలం తెర ప్రత్యక్షం. గెట్‌చ్ అంటే ఏదో ఒక మీట నొక్కేదాకా ఆగమని. 'ఇంటరాక్షన్' అంటే మాకు తెలిసింది అంతే. బొమ్మ అయిపోయింది, చూశావుగా, ఇక ఏదో ఒకటి నొక్కి వెళ్లు.

ఎక్స్‌టర్నల్ రోజున నాకు గుడిసె బొమ్మ వచ్చింది. గోడ, కప్పు, తలుపు, కిటికీ. వైవాకి వచ్చిన పెద్దాయన కాసేపు తెరకేసి చూసి, "ఈ కిటికీని మౌస్‌తో పట్టుకుని అవతలి పక్కకు జరుపు బాబూ" అన్నారు.

"కోఆర్డినేట్లు మార్చి మళ్లీ రన్ చేస్తాను సార్."

"మళ్లీ గీయమనలేదు, జరపమన్నాను. ఆ కిటికీ ఎక్కడుంది నీ ప్రోగ్రాంలో?"

రెక్టాంగిల్ అని రాసిన లైను చూపించాను. "అది కిటికీని గీసే లైను. కిటికీ ఎక్కడ?" అన్నారు. నాకు నోరు పెగల్లేదు. మార్కులు బాగానే వేశారు, అది వేరే సంగతి. ఆ తర్వాత ఇళ్ల ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ రాయడమే నా బతుకుతెరువైంది. ఆ ప్రశ్న ఎంత పెద్దదో అప్పుడప్పుడే, దెబ్బ తగిలినప్పుడల్లా అర్థమవుతూ వచ్చింది.

ఆ ల్యాబులో మేం నేర్చుకున్నదేమిటో ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. రికార్డు నిండా బ్రెసెన్‌హామ్ గీత, అంటే గీత పడాలంటే ఏయే చుక్కలు వెలగాలో లెక్కకట్టే పద్ధతి. ఐబీఎంలో జాక్ బ్రెసెన్‌హామ్ 1962లో ఆ పద్ధతి తయారు చేసింది ప్లాటర్ కోసం. ప్లాటర్ అంటే కాగితం మీద పెన్ను నడిపే మిషను. కాగితం మీద పడ్డ గీతను పట్టుకుని జరపాలని ఎవరూ అనుకోరు. టర్బో సీలోని మూవ్‌టూ, లైన్‌టూ కూడా ప్లాటర్ మాటలే: పెన్ను ఎత్తి అక్కడ పెట్టు, దించి ఇక్కడిదాకా లాగు. తెర ముందు కూర్చుని మేం చదివింది కాగితం చదువు. సదర్లాండ్ అన్న పేరు కూడా మాకు కోహెన్-సదర్లాండ్ క్లిప్పింగ్ (అంచు దాటిన గీతను కత్తిరించే పద్ధతి) దగ్గరే పరిచయం, పది మార్కుల ప్రశ్నగా. ఆయన అంతకుముందు చేసిన పని సిలబస్‌లో లేదు.

ఆ పని పేరు స్కెచ్‌ప్యాడ్. 1963 జనవరిలో ఎంఐటీకి సమర్పించిన పీహెచ్‌డీ థీసిస్. ఇవాన్ సదర్లాండ్‌కి అప్పటికి 24 ఏళ్లు. ఎంఐటీ వారి లింకన్ ల్యాబ్‌లో టీఎక్స్-2 అనే పెద్ద కంప్యూటర్ ఉండేది, ఆ రోజుల్లో అరుదైన వరం ఏమిటంటే ఒక మనిషి ఒక్కడే దాని ముందు కూర్చుని వాడుకోవచ్చు. చదరంగా ఏడంగుళాల తెర. చేతిలో లైట్ పెన్ను, పక్కన మీటల పెట్టె. గీత మీట నొక్కితే పెన్ను ఉన్నచోట ఒక కొస అతుక్కుంటుంది, రెండో కొస రబ్బరు బ్యాండులా పెన్ను వెంట సాగుతుంది. పెన్నును చటుక్కున విదిలిస్తే గీత అక్కడ స్థిరపడుతుంది. థీసిస్ మొదట్లోనే ఒక ఉదాహరణ ఉంది. వంకరటింకరగా ఆరు భుజాల బొమ్మ గీసి, మూలల్ని ఒక వృత్తం మీదికి జరిపి, భుజాలన్నీ సమానం కావాలని చెబితే చాలు, అది తనంతట తాను సర్దుకుని చక్కటి షడ్భుజి అవుతుంది. కొలతలేవీ ఇవ్వక్కర్లేదు. ఎలా ఉండాలో చెబితే ఎక్కడ ఉండాలో మిషను వెతుక్కుంటుంది.

అందరూ మెచ్చుకునేది ఈ షడ్భుజినే. నన్ను కట్టిపడేసింది మాత్రం దానికన్నా చిన్న వివరం. టీఎక్స్-2లో ఒక వర్డు, అంటే మెమరీలో ఒక గడి, 36 బిట్లు. తెర మీద ఒక చుక్క చోటు చెప్పడానికి 20 బిట్లు సరిపోతాయి, అడ్డానికి పది, నిలువుకి పది. ఇంకో 16 మిగిలాయి. ఇంకొకరైతే వాటిని వదిలేసేవారు. సదర్లాండ్ వాటిలో ఆ చుక్క ఎవరిదో రాసిపెట్టాడు. అంటే ఆ చుక్కను పుట్టించిన గీతో, వృత్తమో మెమరీలో ఎక్కడుందో ఆ చిరునామా. తెర మీద వెలిగే ప్రతి చుక్క మెడలోనూ ఇంటిపేరు రాసిన బిళ్ల అన్నమాట.

అది ఎందుకు పనికొచ్చిందో తెలియాలంటే లైట్ పెన్ను గుట్టు తెలియాలి. మౌస్ చోటు చెబుతుంది, ఎక్స్ ఇంత, వై ఇంత అని. లైట్ పెన్నుకి చోటు తెలియదు. దానికి తెలిసింది వెలుగే. తన ఎదురుగా చుక్క వెలగగానే 'ఇదిగో' అంటుంది, అంతే. ఆ క్షణంలో తాను ఏ చుక్కను వెలిగిస్తోందో కంప్యూటరుకి తెలుసు, ఆ చుక్క ఎవరిదో బిళ్ల మీద ఉంది. చూపించడం అంటే పేరు పెట్టి పిలవడమే. చోటు కావాలంటేనే కష్టపడాల్సి వచ్చేది, ఒక ప్లస్ గుర్తును పెన్ను వెంట నడిపిస్తూ అది ఎక్కడుందో చూసుకోవాలి. మా ల్యాబులో సరిగ్గా తలకిందులు. చోటు ఎప్పుడూ తెలుసు, పేరు ఎప్పటికీ తెలియదు. చుక్క రంగు చెప్పే గెట్‌పిక్సెల్‌ని అడిగితే తెలుపు అంటుంది. తెలుపే, కానీ ఎవరి తెలుపు?

లోపలి అల్లిక కూడా ముచ్చటగా ఉంటుంది. ఒక బిందువు దగ్గర ఏయే గీతలు కలుస్తున్నాయో అవన్నీ ఒక రింగులా ముడిపడి ఉంటాయి. ఆ రింగులో బిందువు వైపున్న ముడిని కోడిపెట్ట అనీ, దాన్ని పట్టుకున్న గీతల ముడుల్ని పిల్లలనీ థీసిస్‌లోనే పిలుస్తాడు. బిందువును చెరిపితే పిల్లల్ని వరసగా వెతికి ఆ గీతల్ని కూడా తీసేయవచ్చు. గీత, వృత్తం, నియమం, ఇలా ఒక్కో జాతికి ఒక్కో సాధారణ దిమ్మ, ఆ జాతివాణ్ని ఎలా గీయాలి, ఎలా జరపాలి అన్న రొటీన్ల చిరునామాలు అందులో. కొత్త జాతి కావాలంటే కొత్త దిమ్మ. డేటానూ దాన్ని నడిపే రొటీన్లనూ ఇలా ఒకే మూటగా కట్టడాన్ని ఇప్పుడు ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అంటాం, ఆ మాట అప్పటికి పుట్టలేదు. అలాంటి భాషల్లో పేరున్న స్మాల్‌టాక్ తయారుచేసిన అలన్ కే యూటా విశ్వవిద్యాలయంలో చేరీ చేరగానే చదివిన థీసిస్ ఇదే. ఇదంతా ఒక్క ఏడాదిలో ఎలా చేశారని తర్వాత ఆయన అడిగితే, కష్టమని నాకు తెలియదు కదా అన్నాడట సదర్లాండ్.

విచిత్రం ఏమిటంటే ఇంత భాషాజ్ఞానం ఉన్న ఆ ప్రోగ్రాం రాసింది ఏ భాషలోనూ కాదు, టీఎక్స్-2 మిషన్ ఆదేశాల్లో, మాక్రోల (ఆదేశాల గుంపుకు పెట్టుకున్న పొట్టి పేర్ల) సాయంతో. సదర్లాండ్ కళ్ల ముందున్న దాన్ని చెప్పడానికి అప్పటి భాషల్లో మాటల్లేవు. ఇంజినీర్ల లెక్కల భాష ఫోర్ట్రాన్‌కి అంకెలు తెలుసు, వరసలు తెలుసు, పెట్టా పిల్లలూ తెలియవు.

ఇక్కడి నుంచే నా వాదన. తెర మీది బొమ్మతో మనిషి మాట్లాడాలంటే ఒక భాష రెండు ప్రశ్నలకు జవాబివ్వాలి. గీసిన దానికి గీశాక కూడా పేరు ఉంటుందా? ఎవరి కోసం ఎవరు ఎదురుచూస్తారు, మనిషి కోసం ప్రోగ్రామా, ప్రోగ్రాం కోసం మనిషా? గీత ఎంత వేగంగా, ఎంత నునుపుగా పడుతుందన్నది ఆ తర్వాతి మాట. 1960ల్లో కొంతమంది ఈ రెండు ప్రశ్నల్నీ భాష సమస్యగానే చూశారు. మన పాఠ్యపుస్తకాలు వాళ్లను మర్చిపోయి మూడోదాన్ని పట్టుకుని కూర్చున్నాయి.

మొదటి ప్రశ్న మీద పనిచేసిన వాళ్లను ముందు చూద్దాం. ఎంఐటీలోనే డగ్లస్ రాస్ అల్గోల్ అనే ప్రోగ్రామింగ్ భాషను పెంచి ఏఈడీ అనే భాష కట్టాడు. డిజైనర్లందరికీ సరిపోయే ఒకే సిస్టమ్ ఉండదు, ఎవరి సిస్టమ్ వాళ్లు కట్టుకునే పనిముట్లు ఇవ్వాలన్నది ఆయన పట్టు. లింకన్ ల్యాబ్‌లో లారెన్స్ రాబర్ట్స్, తర్వాత ఇంటర్నెట్‌కి ముందుతరమైన ఆర్పానెట్ కట్టిన రాబర్ట్సే, ఆ రింగుల్ని నేరుగా భాషలోకి తెచ్చి కోరల్ అని పేరు పెట్టాడు. నాకు వీటిలో బాగా నచ్చేది లీప్. జెరోమ్ ఫెల్డ్‌మన్, పాల్ రోవ్నర్ 1969లో దాని గురించి ప్రచురించారు. అదీ అల్గోల్ మీదే, అదీ టీఎక్స్-2 మీదే. అందులో ఏ సంగతైనా మూడు ముక్కల్లో చెప్పాలి. మన లెక్కలో 'తండ్రి, రాముడు, దశరథుడు' అనుకోండి. రెండు ముక్కలు చెబితే మూడోది అదే వెతుకుతుంది. తండ్రి, రాముడు అంటే దశరథుడు వస్తాడు. తండ్రి, దశరథుడు అని వెనక నుంచి అడిగితే నలుగురూ వస్తారు. బొమ్మలకు ఇది అతికినట్టు సరిపోతుంది. 'కొస, ఈ గీత, ఏ బిందువు?' ఎంత సులువో 'కొస, ఏ గీతలు, ఈ బిందువు?' కూడా అంతే సులువు. పెట్టనీ పిల్లల్నీ చేత్తో కట్టక్కర్లేదు. మా కిటికీ కూడా అందులో 'కిటికీ, ఈ గోడ, ఇది' అని ఉండేది.

ఇక్కడ చిన్న పక్కదారి. బొమ్మను మాటల్లో చెప్పే భాష మనకు కొత్తేమీ కాదు. వారపత్రికల్లో ముగ్గు కింద 'సందు చుక్క, 15 నుంచి 8 వచ్చేదాకా' అని ఉంటుంది చూశారా, అది ప్రోగ్రామే. ఆ ఒక్క ముక్క చదివి మా అమ్మ వాకిలంతా చుక్కలు పెట్టేసేది. తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1974లో ఈ ముగ్గుల మీదే, అదే అక్కడి కోలాల మీద, అరే గ్రామర్ల (గళ్లలో బొమ్మను పుట్టించే నియమాల) వ్యాసం రాశారు. గొప్ప పని. కానీ గ్రామర్ ముగ్గును పుట్టిస్తుంది, వేస్తున్న చేతిని మధ్యలో పలకరించదు. సగం వేశాక చెల్లెలొచ్చి ఒక చుక్క తొక్కేస్తే ఏం చేయాలో అందులో లేదు. ఆ తొక్కిన చుక్కే ఇంటరాక్షన్.

అదే రెండో ప్రశ్న. దీన్ని నేను పుస్తకంలో చదవలేదు, ఆఫీసులో దెబ్బ తిని నేర్చుకున్నాను. గోడలు గీసే టూల్ రాస్తున్నప్పటి మాట. ఒక క్లిక్కుతో గోడ మొదలు, మౌస్ వెంట రబ్బరు గీత, ఇంకో క్లిక్కుతో పూర్తి. పిల్లల పనే కదా. 'గీస్తున్నాం' అని ఒక జెండా (అవునా కాదా అని గుర్తుపెట్టుకునే వేరియబుల్), 'లాగుతున్నాం' అని ఇంకో జెండా, 'కొస అతుక్కుంది' అని మూడోది. రిలీజ్‌కి ముందురోజు సాయంత్రం టెస్టింగ్ కుర్రాడు వచ్చాడు.

"అన్నా, గోడ మధ్యలో ఎస్కేప్ కొడితే గీత మౌస్‌ని వదలట్లేదు."

"ఇంకోసారి క్లిక్ చెయ్యి."

"చేస్తే ఇంకో గోడ మొదలైంది అన్నా. ఇప్పుడు రెండూ వదలట్లేదు."

మూడు జెండాలంటే ఎనిమిది రకాల పరిస్థితులు. నేను ఆలోచించినవి మూడు. మిగతా అయిదూ ఎక్కడో అక్కడ కాచుకుని ఉన్నాయి. ఒక ఇఫ్ పెడితే ఇంకోటి విరిగేది. రాత్రి పదకొండుకి విసుగొచ్చి ప్రింటౌట్ వెనక మూడు సున్నాలు చుట్టాను. ఖాళీ, కొస పడింది, సాగుతోంది. ప్రతి సున్నా నుంచి క్లిక్కుకో బాణం, కదలికకో బాణం, ఎస్కేప్‌కో బాణం. ఎస్కేప్ బాణాలన్నీ ఖాళీకే. జెండాలన్నీ పీకేసి, ఆ బొమ్మను పట్టికగా రాసి పడేస్తే అరగంటలో అయిపోయింది. తెల్లారి కూడా విరగలేదు. నేనేదో కనిపెట్టానని రెండు రోజులు కాలరెగరేసుకు తిరిగాను.

ఆ తర్వాత విలియం న్యూమన్ వ్యాసం కంటపడింది. లండన్ ఇంపీరియల్ కాలేజీలో పనిచేస్తూ 1968లో రాసింది. అందులో రియాక్షన్ హ్యాండ్లర్ అని ఒకటుంది. వాడేవాడితో జరిగే సంభాషణ మొత్తాన్ని స్థితుల వలగా గీయండి, ఒక్కో స్థితిలో పెన్ను తగిలితే ఏమిటి, మీట నొక్కితే ఏమిటి, ఆ తర్వాత ఏ స్థితికి పోవాలి అన్నది విడిగా ఒక చిన్న భాషలో రాయండి, లెక్కలు చేసే కోడును అందులో కలపకండి అంటాడు. నా ప్రింటౌట్ వెనక సున్నాలే అవి. నేను పుట్టకముందే. అంతకంటే నాకు గుచ్చుకున్నది ఆయన నియంత్రణను తిప్పేసిన తీరు. ప్రోగ్రాం మనిషిని ప్రశ్న అడిగి కూర్చోదు. మనిషి ఏదో చేస్తాడు, అది ఏమిటో చూసుకుని ప్రోగ్రాం స్పందిస్తుంది. గెట్‌చ్‌కి నేరుగా వ్యతిరేకం.

న్యూమన్ అక్కడితో ఆగలేదు. 1971లో డిస్‌ప్లే ప్రొసీజర్లు అని ఇంకో ఆలోచన తెచ్చాడు. తెర మీద ఏముందో విడిగా ఇంకో కవిలెకట్ట మోయడం ఎందుకు, బొమ్మే ఒక ప్రొసీజర్ అనుకోండి, ఎక్కడ, ఎంత సైజులో, ఎంత తిప్పి అన్నది పిలిచేటప్పుడు చెప్పండి, డేటా మారితే మళ్లీ పిలవండి అని. ఇవాళ వెబ్ తెరలు కట్టే రియాక్ట్ నేర్చుకునే పిల్లలు తెర అంటే స్టేట్ (ఇప్పుడున్న డేటా) మీద ఒక ఫంక్షన్ అని గర్వంగా చెబుతారు. వాళ్లను తప్పుపట్టను, నాకూ ఆ పాత పేర్లు ఎవరూ చెప్పలేదు.

మరి ఇంత మంచి భాషలు ఎందుకు పోయాయి? చెడ్డవాళ్లెవరో తొక్కేశారని చెబితే కథ రంజుగా ఉంటుంది కానీ నిజం కాదు. మొదటి కారణం, అవి పుట్టిన గది దాటలేకపోయాయి. టీఎక్స్-2 ఉన్నది ఒక్కటే. లీప్‌లోని మూడు ముక్కల పద్ధతి స్టాన్‌ఫర్డ్‌లో సెయిల్ అనే భాషలోకి ఎక్కి ఇంకొన్నాళ్లు బతికింది, అంతే. రెండోది డబ్బు. మామూలు తెర మీద వెలుగు ఆరిపోతుంది కాబట్టి సెకనుకి ముప్ఫై నలభై సార్లు మళ్లీ మళ్లీ గీస్తూనే ఉండాలి, అంటే ఏం గీయాలో ఒక జాబితా మెమరీలో ఎప్పుడూ ఉండాల్సిందే. ఆ మెమరీ బంగారం ధర. 1972లో టెక్‌ట్రానిక్స్ 4010 వచ్చింది. దాని తెరే గీతను పట్టి ఉంచుకుంటుంది. జాబితా అక్కర్లేదు, మళ్లీ గీయక్కర్లేదు, ధర కొన్ని వేల డాలర్లకు దిగింది. కాలేజీలూ కంపెనీలూ ఎగబడి కొన్నాయి. కానీ అందులో ఒక్క గీతను మాత్రమే చెరపడం కుదరదు, చెరిపితే తెర మొత్తం ఒక్కసారి పచ్చగా మెరిసి ఖాళీ అవుతుంది. లైట్ పెన్నుకీ పని లేదు, అడ్డ నిలువు గీతల్ని చిన్న చక్రాలతో తిప్పుకుని చోటు చెప్పడమే. జాబితాతో పాటే పేర్లూ పోయాయి. తెర మళ్లీ కాగితమైంది.

కాగితానికి కాగితం భాష చాలు. ఫోర్ట్రాన్ నుంచి పిలిచే సబ్రొటీన్ల, అంటే చిన్న ప్రోగ్రాం ముక్కల, కట్ట. మూవ్ అని ఒకటి, డ్రా అని ఒకటి. ఫోర్ట్రాన్ ప్రతి ఊళ్లోనూ ఉంది, ఇంజినీర్లందరికీ వచ్చు. కొత్త భాష నేర్చుకోమంటే వాళ్లు వింటారా? నేనూ వినేవాణ్ని కాదు. నిజాయితీగా చెప్పాలంటే ఆ కట్టలే గ్రాఫిక్స్‌ను నాలుగు గోడలు దాటించాయి. ఆ దారి చివర 1985లో జీకేఎస్ అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అందులో పేర్లు పూర్తిగా పోలేదు, సెగ్మెంట్ అని ఒకటుంది, పెన్నుతో తాకితే ఏ సెగ్మెంటో చెబుతుంది. ఒకదానిలో ఒకటి ఇమడవు, అంకెతో పిలవాలి, అయినా ఉంది. నాకు మండేది దాని అంతస్తుల పట్టిక చూస్తే. ఇన్‌పుట్‌కి ఏ, బీ, సీ అని మూడు మెట్లు. ఏ అంటే అసలు ఇన్‌పుటే లేదు. బీ అంటే రిక్వెస్ట్ మాత్రమే, ప్రోగ్రాం అడిగి ఆగిపోతుంది, మనిషి జవాబిచ్చాకే కదులుతుంది. మనిషి చేసిన పనులు వరసగా వచ్చి చేరే ఈవెంట్ పద్ధతి సీ దాకా వెళితేనే. న్యూమన్ మొదలుపెట్టిన చోటు ఇక్కడ ఆఖరి మెట్టు. మా గెట్‌చ్‌కి రాజముద్ర పడింది బీ మెట్టు మీద.

ఇప్పుడు అంతా సర్దుకుంది కదా, పాత గొడవ ఎందుకు అని మా ఆఫీసులో ఒకరన్నారు. కొంత నిజమే. ఐఫోన్ తెర మీద బటన్లను సర్దే ఆటో లేఅవుట్ లోపల ఉన్నది కాసోవరీ అనే నియమాల లెక్క, స్కెచ్‌ప్యాడ్ షడ్భుజికి మనవడి వరస. కానీ సర్దుకోలేదు. బ్రౌజర్ తెరిచి చూడండి, ఆ పాత తగాదా పక్కపక్కనే కాపురం ఉంటోంది. అందులో బొమ్మ గీయడానికి ఎస్‌వీజీ, కాన్వాస్ అని రెండు పద్ధతులు. ఎస్‌వీజీలో గీసిన గీతకు పేరుంది, నన్ను నొక్కారని అదే చెబుతుంది. కాన్వాస్‌లో గీసినది గీయగానే మర్చిపోతుంది, అది టెక్‌ట్రానిక్సే, కాకపోతే రంగులొచ్చాయి. వేగం కోసం కాన్వాస్ ఎంచుకున్న ప్రతి టీమూ ఆర్నెల్లు తిరిగేసరికి దాని మీద సొంతంగా పేర్ల జాబితా కట్టుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. మేమూ కట్టాం. రెండుసార్లు. జెండాలు కూడా పోలేదు. ఇంటర్వ్యూకి వచ్చే పిల్లలు బ్రెసెన్‌హామ్ గడగడా చెబుతారు. రబ్బరు గీత రాసి, మధ్యలో ఎస్కేప్ కొడితే ఏమవుతుందో చెప్పమంటే పెన్ను ఆగిపోతుంది.

బ్రెసెన్‌హామ్ తీసేయమనను, అందమైన లెక్క అది. రెండు క్లాసులు చాలు. మిగతా సెమిస్టరు ఆ పెద్దాయన ప్రశ్నకిస్తే బాగుంటుంది. కోడింగ్‌కి ముందు కాగితం మీద సున్నాలు చుట్టించండి, ఏ భాషలో చేసినా ఫర్వాలేదు, టర్బో సీ అయినా సరే.

టర్బో సీ అని ఊరికే అనలేదు. మొన్న ఆదివారం పాత డాస్ ప్రోగ్రాంలను నడిపే డాస్‌బాక్స్ పెట్టుకుని ఆ గుడిసె మళ్లీ రాశాను. సదర్లాండ్ బిళ్లల ఉపాయంతో, ప్రతి చుక్కకూ యజమాని నంబరు ఉండే రెండో తెర ఒకటి కనబడకుండా పెట్టాలని ఆశ. 640 గుణకారం 480 బైట్లు ఒకే అరేలో టర్బో సీలో పట్టవు, 64 కిలోబైట్లు దాటనివ్వదు. అడ్డంగానూ నిలువుగానూ నాలుగేసి చుక్కలకొక చుక్క చొప్పున 160 గుణకారం 120కి దించాను, 19,200 బైట్లు, హాయిగా పట్టింది. గోడ 1, కప్పు 2, కిటికీ 3, తలుపు 4. మౌస్ నొక్కితే ఆ కనబడని తెరను అడుగుతుంది. కిటికీ మీద నొక్కాను, మూలన 3 అని పడింది. ఇన్నేళ్లకి. లాగాను, కిటికీ కదిలి అవతలి పక్కకు వెళ్లి నిలబడింది.

పాత చోట గోడలో నల్లటి కంత మిగిలింది. చెరిపినప్పుడు వెనకున్న గోడను మళ్లీ గీయించడం మర్చిపోయాను. డిస్‌ప్లే జాబితా కూడా రాయాలి, వచ్చే ఆదివారం చూడాలి.